హవియెర్ సోటోమయోర్

హవియెర్ సోటోమయోర్ క్యూబా దేశపు హైజంపర్. 1967 అక్టోబర్ 13న మతాన్సాస్ రాష్ట్రంలోని లిమోనార్‌లో పుట్టాడు. 1993 జూలై 27న స్పెయిన్‌లోని సలమాంకాలో 2.45 మీటర్లు దూకి అతను నెలకొల్పిన ప్రపంచ రికార్డును 2025 ముగిసేనాటికీ ఎవరూ దాటలేదు. పురుషుల హైజంప్‌లో ఇంతకాలం నిలిచిన ప్రపంచ రికార్డు మరొకటి లేదు. ఎనిమిది అడుగుల ఎత్తు దాటిన మనిషీ ఇప్పటికి అతనొక్కడే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రజతం, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో రెండు స్వర్ణాలు, రెండు రజతాలు, ఇండోర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో నాలుగు స్వర్ణాలు సాధించాడు. క్రీడాజీవితం చివరి మూడేళ్లలో రెండుసార్లు డోపింగ్ పరీక్షల్లో దొరికాడు. అతని పేరు చెప్పగానే కొందరికి 2.45 అనే అంకె, మరికొందరికి ఆ పరీక్షలు గుర్తుకొస్తాయి. రెండూ వాస్తవాలే. అయినా ఆ క్రీడాజీవితం విలువ తెలియాలంటే మూడో లెక్క ఒకటి చూడాలి. సాటివారు జీవితంలో ఒకసారి అందుకున్న ఎత్తుల్లో అతను ఏళ్ల తరబడి తిరిగాడు. రికార్డును ఒంటరి శిఖరంగా చూడకుండా, దాని కింద పరుచుకున్న పీఠభూమిని చూస్తేనే సోటోమయోర్ స్థానం అర్థమవుతుందన్నది ఈ వ్యాసం వాదన.

హైజంప్ కొలిచేది ఏమిటి

హైజంప్‌లో గెలిచినవాడి ఆట కూడా సాధారణంగా ఓటమితోనే ముగుస్తుంది. వరసగా మూడుసార్లు బార్ పడగొడితే పోటీ నుంచి తప్పుకోవాలి. ప్రత్యర్థులందరూ తప్పుకున్నా విజేత ఇంకా పై ఎత్తు పెట్టించుకుని, దాన్ని దాటలేకపోయినప్పుడే ఆగుతాడు. కాబట్టి ఈ క్రీడలో ఫలితం అంటే ఒక మనిషి ఎక్కడ ఆగిపోయాడో చెప్పే గుర్తు. ఒక మంచి రోజున ఆ గుర్తు ఎంత పైకైనా వెళ్లవచ్చు. ఏడాది తర్వాత, వేరే దేశంలో, వేరే నేల మీద అదే మనిషి మళ్లీ అక్కడికి చేరగలడా అన్నది అసలు పరీక్ష. ఆ ఎత్తు ఎంతటిదో ఊహించుకోవడానికి ఫుట్‌బాల్ గోల్‌పోస్టు పనికొస్తుంది. దాని అడ్డుకడ్డీ అడుగు అంచు నేలకు 2.44 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సోటోమయోర్ దాటిన బార్ దానికన్నా ఒక సెంటీమీటరు పైన ఉంది. మన ఇళ్లలో ఏడడుగుల ద్వారబంధం మీద ఇంకో అడుగు కలిపితే ఎనిమిది అడుగులు. 2.45 దానికన్నా కాస్త ఎక్కువే.

ఆ ఎత్తుకు ఎగరడంలో కండబలం పాత్ర చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన డిక్ ఫాస్‌బరీ వీపును బార్ వైపు తిప్పి దూకి 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాక, ప్రపంచమంతా క్రమంగా ఆ పద్ధతికి మళ్లింది. జంపర్ మొదట తిన్నగా పరుగెత్తి, చివరి అడుగుల్లో వంపు తిరుగుతాడు. ఆ వంపులో శరీరం లోపలి వైపు ఒరుగుతుంది. చివరి అడుగు నేలను తన్నే సెకనులో ఐదో వంతు కూడా లేని వ్యవధిలో ముందుకు సాగే వేగాన్ని పైకి మళ్లించాలి. గాలిలో వీపు విల్లులా వంగుతుంది కాబట్టి తల, నడుము, కాళ్లు వరసగా బార్ మీదుగా దాటిపోతాయి. ఆ క్షణాన శరీరపు గరిమనాభి బార్‌కు కిందుగా కూడా ఉండవచ్చు. ఇందులో ఎంత వేగంగా పరుగెత్తితే అంత లాభం, ఆ వేగాన్ని చివరి అడుగు తట్టుకోలేకపోతే అంత నష్టం. వేగంగా దూసుకొచ్చి, ఆ వేగాన్ని వృథా పోనివ్వకుండా పైకి మలచుకునే జంపర్‌గా సోటోమయోర్‌కు పేరు. ఇలాంటి దూకుడు గడియారంలా కుదరాలి. ఒక్క అడుగు అటూ ఇటూ అయితే బార్ పడుతుంది. అందుకే ఈ క్రీడలో ఒక్కసారి సాధించడానికీ పదే పదే సాధించడానికీ మధ్య దూరం చాలా ఎక్కువ.

క్యూబా శిక్షణ, తొలి ఫలితాలు

1959 విప్లవం తర్వాత క్యూబా క్రీడలను ప్రభుత్వ బాధ్యతగా తీసుకుంది. వృత్తి క్రీడలను రద్దు చేసి, పిల్లల్లో ప్రతిభను చిన్న వయసులోనే గుర్తించి క్రీడా పాఠశాలల్లో చదువుతోపాటు శిక్షణ ఇచ్చే ఏర్పాటు చేసింది. సోటోమయోర్ ఆ ఏర్పాటులోంచే వచ్చాడు. అతన్ని ప్రపంచ స్థాయికి తెచ్చిన శిక్షకుడు హోసే గొడోయ్. గొడోయ్ మరణించాక గియెర్మో దె లా తోర్రె ఆ బాధ్యత తీసుకున్నాడు. ఈ వ్యవస్థ ఒక్క మనిషిని మాత్రమే తయారుచేసిందా, లేక ఒక విద్యనే పెంచిందా అన్న ప్రశ్నకు మహిళల ఫలితాల్లో జవాబు దొరుకుతుంది. క్యూబాకే చెందిన సిల్వియా కోస్తా 1989లో 2.04 మీటర్లు దూకింది. యోమ్నెత్ కింతెరో 1992 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల హైజంప్ స్వర్ణం సోటోమయోర్‌కు, మహిళల స్వర్ణం కింతెరోకు దక్కాయి. ఒక చిన్న ద్వీపదేశం ఒకే ఏడాది రెండు హైజంప్ కిరీటాలూ గెలవడాన్ని అదృష్టం ఖాతాలో వేయలేం.

సోటోమయోర్ ప్రతిభ ఎంత త్వరగా బయటపడిందో చెప్పడానికి ఒక పోలిక చాలు. 1984 మే నెలలో హవానాలో అతను 2.33 మీటర్లు దూకాడు. అప్పటికి వయసు పదహారేళ్లు. భారత జాతీయ రికార్డు 2018లో తేజస్విన్ శంకర్ దూకిన 2.29 మీటర్లు. 1985లో పారిస్‌లో జరిగిన తొలి ప్రపంచ ఇండోర్ క్రీడల్లో స్వీడన్‌కు చెందిన పాట్రిక్ షోబెర్గ్ వెనక సోటోమయోర్ రజతం అందుకున్నాడు. 1986లో ఏథెన్స్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1987లో ఇండియానాపొలిస్ పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం సాధించాడు. అదే ఏడాది రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మాత్రం పతకానికి దూరంగా, తొమ్మిదో స్థానంలో నిలిచాడు. ఇరవై ఏళ్లలోపు కుర్రాడికి ఎత్తు దొరికింది గానీ నిలకడ ఇంకా దొరకలేదని ఆ ఫలితం చెబుతుంది. తర్వాతి ఐదారేళ్ల కథంతా ఆ నిలకడ సంపాదించుకున్న కథే.

పీఠభూమి: 1988 నుంచి 1995 వరకు

1980లలో పురుషుల హైజంప్ రికార్డు చకచకా పెరిగింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీకి చెందిన గెర్ద్ వెస్సిగ్ 2.36 దూకాడు. చైనా జంపర్ జు జియన్‌హువా దాన్ని 1984 నాటికి 2.39కి చేర్చాడు. 1985లో సోవియట్ జంపర్లు రుదోల్ఫ్ పొవర్నిత్సిన్ 2.40, ఇగోర్ పక్లిన్ 2.41 సాధించారు. 1987లో స్టాక్‌హోమ్‌లో షోబెర్గ్ 2.42 దాటాడు. 1988 సెప్టెంబర్ 8న సలమాంకాలో సోటోమయోర్ 2.43తో రికార్డు అందుకున్నాడు. 1989 మార్చిలో బుడాపెస్ట్ ఇండోర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ 2.43 దూకాడు. ఆ ఇండోర్ రికార్డు కూడా ఇప్పటికీ అతనిదే. అదే ఏడాది జూలై 29న ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో 2.44 దాటి ఎనిమిది అడుగుల గీతను తొలిసారి అధిగమించాడు. నాలుగేళ్ల తర్వాత, మొదటి రికార్డు నెలకొల్పిన సలమాంకాలోనే 2.45 వచ్చింది.

పై పేర్ల వరసలో సోటోమయోర్‌కూ మిగిలినవారికీ ఉన్న తేడా సెంటీమీటర్లలో వెతికితే కనపడదు. పొవర్నిత్సిన్, పక్లిన్ లాంటివారు ఒక వేసవిలో ఆ ఎత్తుకు వెళ్లి, మళ్లీ అక్కడికి చేరలేదు. రొమేనియాకు చెందిన సోరిన్ మతెయ్ 1990లో, అమెరికాకు చెందిన చార్లెస్ ఆస్టిన్ 1991లో 2.40 దాటారు. వారి వృత్తిజీవితాల్లో అదే అత్యధిక ఎత్తు. సోటోమయోర్ విషయంలో 2.40 అనేది మళ్లీ మళ్లీ వచ్చే అంకె. 1993 మార్చిలో టొరంటో ఇండోర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2.41, ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లో 2.40, 1994 వేసవిలో సెవిల్‌లో 2.42, 1995లో మార్ డెల్ ప్లాటా పాన్ అమెరికన్ క్రీడల్లో 2.40. ఈ జాబితాలో ఇండోర్ ఉంది, ఆరుబయట ఉంది. యూరప్ ఉంది, అమెరికా ఖండాలు ఉన్నాయి. ఒక్కరోజు పోటీలు ఉన్నాయి, క్వాలిఫయింగ్ దాటి ఫైనల్ ఆడాల్సిన పెద్ద టోర్నీలూ ఉన్నాయి. 2.45ను ఈ వరసలో పెట్టి చూస్తే అది అసాధ్యమైన గెంతులా అనిపించదు. అప్పటికే 2.40కి పైన నివాసం ఏర్పరచుకున్న మనిషి ఒక మంచి రోజున మరో రెండు మూడు వేళ్ల ఎత్తు పైకి వెళ్లాడు, అంతే. రికార్డు ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు తొలి జవాబు కూడా ఇదే: దాన్ని దాటాలనుకునేవాడికి ముందుగా అలాంటి నివాసం కావాలి.

ఈ మాటకు సాక్ష్యం తర్వాతి తరమే ఇచ్చింది. 2013, 2014 సంవత్సరాల్లో ఖతార్‌కు చెందిన ముతాజ్ ఎస్సా బర్షిమ్, ఉక్రెయిన్‌కు చెందిన బొహ్దాన్ బొందరెంకో పోటాపోటీగా 2.40 పైన దూకారు. బొందరెంకో 2013 మాస్కో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను 2.41తో గెలిచాడు, 2014లో న్యూయార్క్‌లో 2.42కి చేరాడు. బర్షిమ్ 2014 సెప్టెంబర్‌లో బ్రస్సెల్స్‌లో 2.43 దూకాడు. ఇద్దరూ బార్‌ను 2.46కి పెట్టించి ప్రయత్నించారు. సోటోమయోర్ రికార్డుకు నిజమైన ప్రమాదం వచ్చింది ఆ రెండేళ్లలోనే. ఒక్క మెరుపు గెంతుతో ఎవరో దాన్ని తన్నుకుపోతారన్న భయం మిగతా కాలంలో లేదు. 2.40 పైన తరచుగా తిరిగేవాళ్లు ఉన్నప్పుడే 2.46 మాట వినిపించింది. వాళ్లలో ఒకరు గాయాలతో వెనకపడి, మరొకరు మళ్లీ అంత ఎత్తుకు చేరకపోవడంతో ఆ మాటా ఆగిపోయింది.

ఎత్తు, చోటు: రెండు అభ్యంతరాలు

పొడవాటి మనిషి ఎత్తు దూకడంలో గొప్పేముందన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. సోటోమయోర్ సుమారు 1.95 మీటర్ల పొడగరి. తన తలపైన దాదాపు అర మీటరు ఎత్తు దాటాడు. అమెరికాకు చెందిన ఫ్రాంక్లిన్ జేకబ్స్ 1.73 మీటర్ల మనిషి, 1978లో 2.32 దూకాడు. స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ హోల్మ్ 1.81 మీటర్లవాడు, 2005లో మాడ్రిడ్ ఇండోర్ పోటీల్లో 2.40 దాటాడు. తల మీద నుంచి కొలిస్తే ఇద్దరిదీ 59 సెంటీమీటర్లు. ఆ లెక్కలో వాళ్లే ముందుంటారు, కాదనడానికి లేదు. అయితే బార్ నేల నుంచి కొలుస్తారు, తల నుంచి కాదు. పొడవైన శరీరం గరిమనాభిని మొదటే పైన ఉంచుతుంది గానీ, అదే శరీరం వేగంగా వచ్చి ఒక కాలి మీద వంగినప్పుడు ఆ కాలు మోయాల్సిన భారం కూడా పెరుగుతుంది. పొడుగే సరిపోయే పనైతే రెండు మీటర్లు మించిన జంపర్లు ఇప్పటికే 2.45 దాటి ఉండాలి. హోల్మ్ గొప్పతనం తక్కువ పొడవుతో అంత ఎత్తు అందుకోవడంలో ఉంది, సోటోమయోర్ గొప్పతనం ఎక్కువ పొడవును అంత వేగంతో అదుపు చేయడంలో ఉంది. ఒకటి ఇంకొకదాన్ని చిన్నబుచ్చదు.

రెండో అభ్యంతరం చోటు గురించి. రెండు రికార్డులు సలమాంకాలోనే వచ్చాయి కాబట్టి అక్కడి నేలో గాలో కలిసొచ్చిందని అనుమానించేవారు ఉంటారు. సలమాంకా సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. అథ్లెటిక్స్‌లో ఫలితం పక్కన ఎత్తైన ప్రదేశమని గుర్తు పెట్టేది వెయ్యి మీటర్లు దాటినప్పుడే. పైగా పలచని గాలి వల్ల లాభపడేది ముఖ్యంగా పరుగు పందేలు, లాంగ్‌జంప్ లాంటివి. హైజంప్‌లో గాలి వేగాన్ని నియమాలు లెక్కలోకే తీసుకోవు. అన్నిటికన్నా బలమైన జవాబు సోటోమయోర్ ఫలితాల్లోనే ఉంది. 2.44 వచ్చింది అట్లాంటిక్ సముద్ర తీరాన ఉన్న సాన్ హువాన్‌లో. 2.43 ఒకటి బుడాపెస్ట్‌లో పైకప్పు కింద వచ్చింది. సలమాంకా లేకపోయినా అతనే ప్రపంచ రికార్డుదారు.

ఒలింపిక్స్: లేని పతకాలు, ఉన్న పతకాలు

సోటోమయోర్ ఒలింపిక్ పట్టికలో ఒక స్వర్ణం, ఒక రజతం ఉన్నాయి. ఇంత పెద్ద పేరుకు ఇది తక్కువే అనిపిస్తుంది. కారణం కొంత రాజకీయంలో ఉంది. 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలను సోవియట్ కూటమితోపాటు క్యూబా బహిష్కరించింది. 1988 సియోల్ క్రీడల నిర్వహణలో ఉత్తర కొరియాకు కోరిన వాటా దక్కలేదని ఆ దేశం తప్పుకున్నప్పుడు, సోవియట్ యూనియన్ పాల్గొన్నా క్యూబా మాత్రం ఉత్తర కొరియా పక్షాన నిలిచి మళ్లీ దూరంగా ఉండిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో పశ్చిమ జర్మనీకి చెందిన డీట్మార్ మోగెన్‌బుర్గ్ 2.35తో స్వర్ణం, షోబెర్గ్ 2.33తో రజతం గెలిచారు. సోటోమయోర్ ఆ ఏడాది హవానాలో దూకింది కూడా 2.33. సియోల్‌లో సోవియట్ జంపర్ హెన్నాదీ అవ్‌దెయెంకో 2.38తో గెలిచాడు. దానికి పదిహేడు రోజుల ముందే సోటోమయోర్ 2.43 దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

ఈ లెక్కలు చూసి, సియోల్ స్వర్ణం అతనిదేనని రాసేయడం తేలిక. అది సరికాదు. ఒలింపిక్ ఫైనల్‌లో రికార్డుదారు ఓడిపోవడం అరుదేమీ కాదు, సోటోమయోర్ అనుభవమే దానికి ఉదాహరణ. 1991 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2.44 రికార్డు చేతిలో పెట్టుకుని వెళ్లి, 2.38 దూకిన ఆస్టిన్ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చాడు. 1995 గోథెన్‌బర్గ్‌లో బహామాస్‌కు చెందిన ట్రాయ్ కెంప్‌తో సమానంగా 2.37 దూకినా, విఫల ప్రయత్నాల లెక్కలో రెండో స్థానం దక్కింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు గాయంతో వెళ్లి పతకాల దరిదాపులకు కూడా రాలేదు. కనుక ఆడని పోటీలో పతకాన్ని ఊహించి అతని ఖాతాలో కలపకూడదు. అదే న్యాయంతో, ఆడనివ్వని పోటీని వైఫల్యంగా లెక్కించి తీసివేయనూ కూడదు. పదహారో ఏట, ఇరవయ్యో ఏట ఒలింపిక్స్‌కు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం అతనిది కాదు. ఒలింపిక్ పతకాలతో మాత్రమే ఈ క్రీడాకారుణ్ణి కొలిస్తే, కొలిచేది అతని కాళ్ల శక్తిని కాదు, హవానా ప్రభుత్వ విధానాన్ని.

ఆడిన ఒలింపిక్స్‌లో అతని స్వర్ణం మీద కూడా ఒక విమర్శ ఉంది. బార్సిలోనాలో అతను గెలిచింది 2.34 మీటర్లతో, అంటే అప్పటి తన ప్రపంచ రికార్డుకన్నా పది సెంటీమీటర్లు తక్కువతో. ఆ ఎత్తును మొత్తం ఐదుగురు దాటారు. విఫల ప్రయత్నాల లెక్కలో సోటోమయోర్‌కు స్వర్ణం, షోబెర్గ్‌కు రజతం వచ్చాయి. పోలండ్‌కు చెందిన ఆర్తూర్ పార్తికా, ఆస్ట్రేలియాకు చెందిన టిమ్ ఫోర్సైత్, అమెరికాకు చెందిన హాలిస్ కాన్వే కాంస్యాన్ని పంచుకున్నారు. ఇంత బలహీనమైన గెలుపును గొప్పగా చెప్పుకోవాలా అంటే, ఆ రాత్రి గెలుపును నిర్ణయించింది ఎత్తు కాదు, తక్కువ తప్పులు. కింది ఎత్తుల్లో బార్ పడగొట్టని క్రమశిక్షణే అక్కడ స్వర్ణం తెచ్చింది. ఇది నిలకడకు ఇంకో రూపం. 1991 నుంచి 1997 వరకు జరిగిన నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో అతను వరసగా రజతం, స్వర్ణం, రజతం, స్వర్ణం గెలిచాడు. ఆరేళ్లపాటు మొదటి రెండు స్థానాల నుంచి కిందికి దిగలేదు. ఆ పరంపర మధ్యలో వచ్చిన బార్సిలోనా స్వర్ణాన్ని అదాటున దొరికినదిగా కొట్టిపారేయలేం. 1993లో స్పెయిన్ ఇచ్చే ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ క్రీడా పురస్కారం అతన్ని వరించింది.

డోపింగ్ కేసులు

అసలైన అభ్యంతరం ఇక్కడుంది. 1999లో కెనడాలోని విన్నిపెగ్ పాన్ అమెరికన్ క్రీడల్లో సోటోమయోర్ స్వర్ణం గెలిచాడు. పరీక్షలో కొకైన్ ఆనవాళ్లు బయటపడటంతో పతకం వెనక్కి తీసుకున్నారు. అతను తప్పు చేయలేదన్నాడు. క్యూబా అధికారులు ఇది కుట్ర అన్నారు. దేశాధినేత ఫిడెల్ కాస్ట్రో స్వయంగా అతన్ని బహిరంగంగా సమర్థించాడు. రెండేళ్ల నిషేధాన్ని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2000 ఆగస్టులో ఒక ఏడాదికి తగ్గించింది. దాంతో సిడ్నీ ఒలింపిక్స్‌కు దారి తెరుచుకుంది. అక్కడ రష్యాకు చెందిన సెర్గేయ్ క్ల్యూగిన్ 2.35తో గెలవగా, సోటోమయోర్ 2.32తో రజతం అందుకున్నాడు. 2001 ఎడ్మంటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది మరో పరీక్షలో నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. ఆ ఏడాదే రిటైరయ్యాడు.

ఈ రెండు కేసులను ఒకే గాటన కట్టకూడదు. కొకైన్ ఉత్ప్రేరకం. దాని సాయంతో ఏడాది పొడవునా శిక్షణలో కండ పెంచుకోవడం కుదరదు. నిషేధాన్ని సగానికి తగ్గించడం మాత్రం ప్రశ్నించదగిన నిర్ణయమే. పేరున్నవాడికి దొరికిన సడలింపు పేరులేనివాడికి దొరుకుతుందా అన్న సందేహానికి సమాఖ్య దగ్గర గట్టి జవాబు లేదు. నాండ్రోలోన్ సంగతి వేరు. అది శరీరాన్ని నిర్మించే మందుల జాతికి చెందింది. ఒక జంపర్ చివరి ఏడాదిలో అది దొరికితే, వెనకటి ఏళ్ల మీద కూడా అనుమానపు నీడ పడటం సహజం. సోటోమయోర్‌ను అభిమానించేవారు ఈ నీడను లేదనకూడదు. అభిమానం కోసం సాక్ష్యాన్ని దాచే వ్యాసం విజ్ఞాన సర్వస్వంలో ఉండదగినది కాదు.

అనుమానం, నిరూపణ మాత్రం ఒకటి కావు. 2001 పరీక్ష 2001 గురించి చెబుతుంది. 1988, 1989, 1993 రికార్డులను ఏ అధికారిక విచారణా రద్దు చేయలేదు. 2017లో యూరప్ అథ్లెటిక్స్ సమాఖ్య 2005కు ముందటి రికార్డులన్నిటినీ జాబితా నుంచి పక్కన పెట్టాలని ప్రతిపాదించింది. అంతకుముందు నమూనాలను భద్రపరిచే పద్ధతి లేకపోవడమే కారణం. అది అమలయి ఉంటే 2.45 కూడా జాబితా నుంచి పోయేది. ఆ ప్రతిపాదన అమలు కాలేదు, కాకపోవడమే న్యాయం. ఒక తేదీకి ముందు దూకిన వాళ్లందరినీ సామూహికంగా నిందితుల్ని చేసే పద్ధతిలో తప్పు చేసినవాడికి శిక్ష పడదు, చేయనివాడికి గౌరవం మిగలదు. సరైన దారి ఎలా ఉంటుందో ఇదే క్రీడ చూపించింది. 2012 లండన్ ఒలింపిక్స్ హైజంప్ విజేత, రష్యాకు చెందిన ఇవాన్ ఉఖోవ్ ఫలితాన్ని డోపింగ్ సాక్ష్యాల ఆధారంగా తర్వాత రద్దు చేశారు. స్వర్ణం అమెరికాకు చెందిన ఎరిక్ కైనార్డ్‌కు వెళ్లింది. ఒక మనిషి, ఒక కాలం, ఒక సాక్ష్యం: రద్దుకు ఉండాల్సిన కొలతలు ఇవే. సోటోమయోర్ విషయంలో అలాంటి సాక్ష్యం ఎప్పుడైనా వస్తే తీర్పు మార్చుకోవాలి. వచ్చేదాకా 2.45ను రికార్డుగానే రాసి, పక్కనే 1999నూ 2001నూ రాయాలి.

రికార్డు దీర్ఘాయువు

ముప్పై ఏళ్లకు పైగా నిలవడమే ఆ రికార్డు మీద అనుమానానికి ఆధారమని వాదించేవారూ ఉన్నారు. ఈ వాదనకు మహిళల హైజంప్ మంచి గీటురాయి. బల్గేరియాకు చెందిన స్తెఫ్కా కొస్తాదినోవా 1987లో రోమ్‌లో 2.09 దూకింది. దాన్ని ఎన్నటికీ ఎవరూ దాటలేరని చాలామంది అనుకున్నారు. 2024 జూలై 7న పారిస్‌లో ఉక్రెయిన్ జంపర్ యారొస్లావా మహూచిఖ్ 2.10 దాటింది. 37 ఏళ్లు పట్టింది, అయినా దాటింది. కాబట్టి దీర్ఘాయువు ఒక్కటే చూసి ఒక రికార్డు మానవ శక్తికి మించినదని తేల్చలేం. పురుషుల్లో డ్వైట్ స్టోన్స్ 1973లో 2.30 దూకిన నాటి నుంచి 1993 దాకా ఇరవై ఏళ్లలో పదిహేను సెంటీమీటర్లు పెరిగాయి. ఫాస్‌బరీ పద్ధతి కొత్తగా వచ్చి, దాన్ని తీర్చిదిద్దే అవకాశం మిగిలిన కాలం అది. ఆ తర్వాత అంత పెద్ద కొత్త పద్ధతి ఏదీ రాలేదు. పరీక్షలు కట్టుదిట్టం కావడం కూడా ఎదుగుదలను నెమ్మదింపజేసి ఉండవచ్చు. ఈ రెండు కారణాల్లో దేని వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. ఏ కారణం ఎంతైనా, 2.43 దూకిన బర్షిమ్‌కూ 2.45కూ మధ్య ఉన్నది రెండు సెంటీమీటర్లే. అది దాటరాని అగాధం కాదు.

ఇన్ని కలిపి చూస్తే తీర్పు ఇలా ఉంటుంది. ఒలింపిక్ పతకాల లెక్కలో సోటోమయోర్‌ను మించిన హైజంపర్లు ఉన్నారు. తల మీద నుంచి కొలిస్తే హోల్మ్ ముందుంటాడు. నిష్కళంకమైన పేరు విషయంలో అతనికన్నా ఎందరో మెరుగు. అత్యున్నత స్థాయిలో ఎక్కువ కాలం, ఎక్కువసార్లు, ఎక్కువ చోట్ల నిలబడిన జంపర్ ఎవరన్న ప్రశ్నకు మాత్రం అతని పేరే మొదట చెప్పాలి. అతని ఉత్తమ ప్రదర్శనల్లో ఏదీ ఒలింపిక్స్‌లో వచ్చింది కాదు. అసలు ఒలింపిక్ హైజంప్ రికార్డు ఇప్పటికీ అట్లాంటాలో ఆస్టిన్ దూకిన 2.39 మీటర్లే. 2.40ను ఒలింపిక్స్‌లో సోటోమయోర్ సహా ఇంతవరకు ఎవరూ దాటలేదు.